కైరోప్రాక్టర్ దగ్గరకు మొదటిసారి వెళ్తున్నారా? చేయి పడేలోపు జరగవలసినవి

గోదావరి డెల్టాలో నడుము నొప్పి ఎరుగని ఇల్లు అరుదు. సార్వాకూ దాళ్వాకూ వంగి నాట్లు వేసే ఆడవాళ్లు, కోనసీమ తోటల్లో కొబ్బరి దింపు తీసేవాళ్లు, భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసేవాళ్లు, నరసాపురం వైపు పొద్దస్తమానం తల వంచుకుని లేసు అల్లేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు దాని రుచి చూసినవారే. నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తొక్కించుకోవడం పెద్దల నాటి పద్ధతి. ఇప్పుడు ఆ స్థానంలోకి కైరోప్రాక్టర్ల, అంటే వెన్నును, కీళ్లను చేతులతో నొక్కి సవరించేవారి, సెల్‌ఫోన్ వీడియోలు వచ్చాయి. వాటిలో ఎవరో రోగి మెడ పట్టుకుని ఒక్కసారి తిప్పుతారు, ‘పటుక్కు’మని శబ్దం వస్తుంది, రోగి నవ్వుతూ లేచి కూర్చుంటాడు. అక్కడ కనిపించేది చివరి అర నిమిషం మాత్రమే. దానికి ముందు జరగవలసిన విచారణ, పరీక్ష వీడియోలో ఉండవు. మొదటిసారి వెళ్లేవారు గమనించవలసినది సరిగ్గా వాటినే.

ఇది ఏ వైద్యం?

కైరోప్రాక్టిక్ అంటే గ్రీకు మూలాన్ని బట్టి ‘చేతితో చేసే పని’ అని అర్థం. అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ పట్టణంలో 1895లో డేనియల్ డేవిడ్ పామర్ దీనిని మొదలుపెట్టాడు. వెన్నుపూసలు పక్కకు తొలగడమే దాదాపు అన్ని జబ్బులకూ మూలమని ఆయన నమ్మాడు గాని, నేటి వైద్యశాస్త్రం ఆ మాటను అంగీకరించదు. ఇప్పుడు దీనికి ఆధారం ఉన్నది ముఖ్యంగా నడుము నొప్పి విషయంలో, కొంతవరకు మెడ నొప్పి విషయంలో. కనుక వెన్ను సవరించి షుగరు, ఉబ్బసం, బీపీ తగ్గిస్తామని చెప్పేవారి దగ్గర ఆగవలసిన పని లేదు.

ముందుగా: మీ నొప్పి ఎలాంటిదో చూసుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. నా ఉద్దేశంలో మిగిలినవన్నీ దీని తరువాతే. కొత్తగా పట్టిన నడుము నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే కైరోప్రాక్టర్‌ను గాని, మర్దన చేసేవారిని గాని వెతకకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండానే పోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలి బలం రోజురోజుకూ తగ్గడం వంటివి నరాల మూట నొక్కుకుపోతున్నదనడానికి గుర్తులు. అలాంటప్పుడు తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెన్నుకు క్షయ సోకిందేమో చూడాలి. మన దేశంలో అది అరుదైన సంగతి కాదు. ఇదివరకు క్యాన్సర్ వచ్చినవారు, చెట్టు మీద నుంచో బండి మీద నుంచో పడినవారు ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.

ఎముకలు గుల్లబారినవారి వెన్ను మీద బలంగా నొక్కితే పూస విరిగే ప్రమాదం ఉంది. ముట్లు ఆగి చాలా ఏళ్లయిన స్త్రీలు, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. కీళ్ల నొప్పులకని ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన, పేరు తెలియని మాత్రలను నెలల తరబడి మింగిన వారు కూడా ఈ లెక్కలోకే వస్తారు, ఎందుకంటే వాటిలో స్టెరాయిడ్లు ఉండి ఉండవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు ఆ మాట దాచకూడదు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కైరోప్రాక్టర్‌గా పూర్తి శిక్షణ పొందాలంటే నాలుగేళ్ల చదువు, కనీసం 4,200 గంటల బోధన అవసరం. అలాంటి డిగ్రీ ఉన్నవారు మన దేశంలో తక్కువ. ఉన్నవారు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉంటారు. డాక్టర్లకు వైద్య మండలి ఉన్నట్టు కైరోప్రాక్టిక్‌కు మన దేశంలో ప్రత్యేక చట్టబద్ధ మండలి లేదు కాబట్టి, బోర్డు మీద ఆ పేరు రాసుకున్నంత మాత్రాన అది అర్హతకు రుజువు కాదు. ఏ కళాశాలలో, ఎన్నేళ్లు చదివారని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. వారాంతపు శిక్షణ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే వెనక్కి రావడమే మంచిది. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి ఊళ్లలో ఉండేవారికి అర్హత గల ఫిజియోథెరపిస్టులు దగ్గర్లోనే దొరుకుతారు. వెన్నును చేతులతో సవరించే పద్ధతుల్లో శిక్షణ పొందినవారు వారిలోనూ ఉన్నారు, ఆ వృత్తి 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలో కూడా ఉంది. నడుము నొప్పికి మొదట అక్కడికి వెళ్లడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. క్షవరం అయ్యాక తల పట్టుకుని మెడ విరిచే అలవాటు గురించి ఒకే మాట: వద్దని చెప్పండి.

వెళ్లేరోజు

పాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. ఒంటికి అంటిపెట్టుకోని నూలు దుస్తులు వేసుకోండి. చీర కన్నా చుడీదారు, పంచె కన్నా ప్యాంటు నయం. కడుపు నిండా తిని వెళ్లకండి. ఆడవారు వెంట ఇంటివారిని తీసుకెళ్లవచ్చు, పరీక్ష జరుగుతున్నంతసేపూ వారిని గదిలోనే ఉంచమని కోరవచ్చు.

గదిలో ఏం జరుగుతుంది?

మొదటి సందర్శన సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. అందులో ఎక్కువ భాగం మాటలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాలిలోకి దిగుతోందా, దగ్గితే పెరుగుతోందా, ఉదయం ఎక్కువా సాయంత్రం ఎక్కువా అని అడుగుతారు. ‘వాయువు పట్టింది’ అని ఊరుకోకుండా, మీరు రోజూ చేసే పనిని చేసి చూపించండి. దింపు తీసే మనిషి నడుము మీద పడే భారం వేరు, లేసు అల్లే ఆమె మెడ మీద పడే భారం వేరు కనుక, చికిత్స చేసే వ్యక్తికి రోగి వృత్తి తెలియడం అవసరం.

తరువాత పరీక్ష. ముందుకూ వెనక్కూ వంగమంటారు, మడమల మీద, మునివేళ్ల మీద నడవమంటారు. వెల్లకిలా పడుకోబెట్టి కాలిని నిటారుగా పైకెత్తి, నొప్పి మోకాలి కిందికి పాకుతోందా అని చూస్తారు. పాకితే నరం నొక్కుకున్నదని అనుమానిస్తారు. చిన్న రబ్బరు సుత్తితో మోకాలి దగ్గర, మడమ దగ్గర తట్టి నరాల స్పందన గమనిస్తారు. ప్రతివారికీ ఎక్స్‌రే అవసరం లేదు. వచ్చిన ప్రతి రోగికీ ఎక్స్‌రే తీసి, గీతలు గీసి, ‘మీ వెన్ను వంకరగా ఉంది’ అని భయపెట్టే చోట నమ్మకం పెట్టుకోలేము. ఇవేవీ లేకుండా వెళ్లిన అయిదు నిమిషాలకే బల్ల మీద పడుకోబెట్టేవారి దగ్గర నుంచి లేచి రావడమే మేలు.

పరీక్ష పూర్తయ్యాక ఏం కనిపించింది, ఏం చేయబోతున్నారు, దానిలో ప్రమాదం ఏమిటి, వేరే మార్గం ఏదైనా ఉందా అన్నవి మీకు అర్థమయ్యే తెలుగులో చెప్పి, మీ అనుమతి అడగాలి. మీరు ఒప్పుకున్నాకే చేయి వేయాలి. నడుముకైతే సాధారణంగా పక్కకు పడుకోబెట్టి, పై మోకాలు మడిచి, ఒక కీలు మీద వేగంగా, కొద్దిపాటి దూరమే కదిలేలా నొక్కుతారు. అప్పుడు వచ్చే శబ్దం ఎముక విరిగినది కాదు, అతుక్కున్నది కూడా కాదు. కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల, వేళ్లు విరుచుకున్నప్పటిలాగే, అది వస్తుంది. శబ్దం రాకపోతే చికిత్స తప్పిందని గాని, గట్టిగా వస్తే బాగా జరిగిందని గాని అనుకోవలసిన పని లేదు. భయం ఉన్నవారు నెమ్మదిగా కదిలించే పద్ధతిని కోరవచ్చు.

మెడ విషయం వేరు. మెదడుకు రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల రంధ్రాల గుండా పైకి వెళతాయి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు, అరుదుగానైనా, వైద్య రికార్డులకెక్కాయి. ‘నా మెడను తిప్పవద్దు, వ్యాయామంతో చూద్దాం’ అనే హక్కు మీకు ఉంది. నేనైతే అలాగే అంటాను.

ఆ తరువాత

ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పి, బిగుసుకున్నట్టు ఉండటం, కొద్దిగా తలనొప్పి మామూలే. హైదరాబాద్ వెళ్లి చికిత్స చేయించుకున్నవారు అదే రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చునే ప్రయాణం పెట్టుకోకుండా, బెర్తు దొరికేలా చూసుకోవాలి. తూలిపోవడం, మాట తడబడటం, చూపు రెండుగా కనిపించడం, మునుపెన్నడూ లేని తీవ్రమైన మెడ నొప్పి వస్తే అది మామూలు నొప్పి కాదు; వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మొదటి రోజే ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టమంటే కట్టకండి. నాలుగైదు సార్లు వెళ్లినా మార్పు లేకపోతే మళ్లీ పరీక్షించమని అడగాలి, లేదా మానేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుము నొప్పిపై ఇచ్చిన మార్గదర్శకాల్లో చేతితో వెన్నును సవరించే చికిత్సకు చోటు ఉంది. దానితో పాటు వ్యాయామానికీ, రోగికి నొప్పి గురించి వివరించి చెప్పడానికీ ఉంది. మన మందుల షాపుల్లో విరివిగా అమ్ముడుపోయే నడుము బెల్టును మాత్రం అవి సిఫారసు చేయలేదు. కాబట్టి గదిలో నుంచి బయటకు వచ్చేముందు ఇంటి దగ్గర ఏ వ్యాయామం, ఎన్నిసార్లు చేయాలో అడిగి, అక్కడే ఒకసారి చేసి చూపించి, తప్పు ఉంటే దిద్దించుకుని రండి.