బ్యాండ్ పాట మార్చినప్పుడు: అభిమానులందరినీ కూర్చోబెట్టి వినిపించే పద్ధతి

సికింద్రాబాద్‌లో మా మేడమీది గదిలో నెలకో ఆదివారం సాయంత్రం ఆరేడుగురం కూర్చుని ఒక మెటల్ ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వింటాం. అలాంటిది తమ దగ్గరా మొదలుపెట్టాలనుకునే కుర్రాళ్ళు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "అన్నా, 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పెడితే అందరూ బాగానే ఉంటున్నరు. 'లోడ్' పెడితే సగం మంది లేచి పోతున్నరు. ఎట్ల పెట్టాలె?" దానికి నా జవాబు ఇది. ఆ రెండు ఆల్బమ్‌లూ మెటాలికా బ్యాండ్‌వి. మెటాలికాతోనే చెబుతాను, ఎందుకంటే ధ్వని మార్చినందుకు లేచే ఈ గొడవ అన్నిటికంటే ఎక్కువగా వాళ్ళమీదే జరిగింది. ఒకసారి పద్ధతి పట్టుబడితే ఏ బ్యాండ్‌కైనా పనికొస్తుంది.

పాట పెట్టకముందే ఒక పని చెయ్యండి. వచ్చినవాళ్ళందరినీ "నువ్వు ఈ బ్యాండ్‌లోకి ఏ ఆల్బమ్‌తో వచ్చావు?" అని అడగండి. జవాబులు ఒక కాగితం మీద రాసి అందరికీ కనబడేలా పెట్టండి. ఇది పైపై పని కాదు, సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది. 1983లో 'కిల్ ఎమ్ ఆల్'తో వచ్చిన ఈ బ్యాండ్ మరుసటి ఏడాది 'రైడ్ ద లైట్నింగ్'లో 'ఫేడ్ టు బ్లాక్' అనే పాట పెట్టింది. అకూస్టిక్ గిటార్‌తో నెమ్మదిగా మొదలయ్యే పాట. రెండో ఆల్బమ్‌కే "అమ్ముడుపోయారు" అన్నవాళ్ళున్నారు! వీడియోలు తీయకుండా నెట్టుకొచ్చినవాళ్ళు 1989లో 'వన్'కి వీడియో తీస్తే అదే మాట. 1991లో బాబ్ రాక్ నిర్మాణంలో 'మెటాలికా' అనే పేరుతోనే, అందరూ బ్లాక్ ఆల్బమ్ అనే ఆల్బమ్ వచ్చినప్పుడు అదే మాట. 1996 జూన్‌లో జుట్టు కత్తిరించుకున్న ఫోటోలతో 'లోడ్' వచ్చినప్పుడు అదే మాట ఇంకా గట్టిగా.

అంటే ద్రోహం జరిగిన తారీఖు ఒక్కొక్కరికి ఒక్కోటి. మా బావ బ్లాక్ ఆల్బమ్ క్యాసెట్‌తో మెటల్‌లోకి వచ్చాడు, అతనికి 'ఎంటర్ శాండ్‌మన్' అసలైన మెటాలికా. 'కిల్ ఎమ్ ఆల్'తో వచ్చినవాళ్ళకి అదే పాట పతనం. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా కచేరీకి హైదరాబాద్ నుంచి రైళ్ళెక్కి పోయిన మా వాళ్ళలో 2008 నాటి 'డెత్ మ్యాగ్నెటిక్'తో మొదలుపెట్టిన పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళకి 'లోడ్' పాత చరిత్ర, దానిమీద కోపమే లేదు. పెళ్ళయ్యాక కొడుకు మారిపోయాడని తల్లి అంటుంది, ఆయన ముందునుంచీ ఇంతేనని కోడలు అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరు ఎప్పటినుంచి చూశారో అక్కడినుంచి లెక్కేస్తున్నారు. కాగితం మీద ఆల్బమ్ పేర్లు పక్కపక్కన కనబడేసరికి గదిలో గొంతులు వాటంతటవే ఒక మెట్టు దిగుతాయి.

తర్వాత ఒక నియమం పెట్టండి, ఒక్కటే చాలు: చెవికి వినబడినది ఒకటి చెప్పాకే తీర్పు. "సెల్‌ఔట్", అంటే అమ్ముడుపోయారు అనే హక్కు అందరికీ ఉంది, కాకపోతే దానికి ముందు "ఇదిగో, ఇక్కడ ఇది మారింది" అని వేలు పెట్టి చూపించాలి. కొత్తవాళ్ళు మొదట్లో తడబడతారు. మీరు సాయం చెయ్యండి.

'లోడ్'లో వేలు పెట్టడానికి చాలా ఉంది. వేగం తగ్గింది. రెండు కాళ్ళతో వాయించే డబుల్ బాస్ డ్రమ్మింగ్ దాదాపు లేదు. గిటార్లు అర స్వరం కిందికి దించి ట్యూన్ చేశారు. అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని చాలామంది గమనించరు. అంతకుముందు ఆల్బమ్‌లలో పాటను నడిపించే రిథమ్ గిటార్ అంతా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక్కడే వాయించి, మళ్ళీ దానిమీదే వాయించి పొరలు పొరలుగా పేర్చేవాడు. ఒకే చెయ్యి, ఒకే కొట్టుడు, అందుకే గోడ కట్టినట్టుండేది ఆ ధ్వని. 'లోడ్'లో సోలోలు వాయించే కర్క్ హామెట్ కూడా రిథమ్ వాయించాడు. చేతులు రెండయ్యాయి, ఆ గోడలో సందులు వచ్చాయి. "ఏదో వదులుగా ఉంది" అని సణిగేవాళ్ళకి తగులుతున్నది చాలావరకు ఇదే. వాళ్ళని స్పీకర్ల మధ్యలో కూర్చోబెట్టి మొదట 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఒక నిమిషం, తర్వాత 'లోడ్'లోని 'ఎయింట్ మై బిచ్' ఒక నిమిషం వినిపించండి. తమకు ఏది నచ్చలేదో వాళ్ళకే అర్థమవుతుంది. నచ్చాలని లేదు. ఎందుకు నచ్చలేదో తెలిసినవాడు ఊరికే అరవడు, మాట్లాడతాడు.

వాల్యూమ్ సంగతి కూడా చూసుకోండి. పాత ముద్రణలు మెల్లగా, కొత్త ముద్రణలు గట్టిగా ఉంటాయి. ఒకే నాబ్ స్థానంలో రెండూ వినిపిస్తే గట్టిగా ఉన్నది మొదటి వినికిడికి బాగున్నట్టు అనిపిస్తుంది, ఆ తీర్పుకి విలువ లేదు. పాట పాటకీ చెవితో సమానం చెయ్యండి. మెల్లని చోట్లు కూడా గట్టిగా వినబడేలా మరీ నొక్కేసిన ముద్రణ అయితే ఇది కూడా చాలదు. 'డెత్ మ్యాగ్నెటిక్' వచ్చినప్పుడు అభిమానులు పాటలు మెచ్చుకుంటూనే ముద్రణ పగిలినట్టుందని గోల చేశారు, ఆ గోల న్యాయమైనది.

ఇక అసలు పని. మారిన ఆల్బమ్‌ని నేరుగా పెట్టకండి. దానికి దారి తీసిన పాటల్ని ముందు వరసగా పెట్టండి. నేను పెట్టే వరసలో నాలుగు పాటలుంటాయి, వాటికి కొంచెం కథ చెప్పాలి.

హెట్‌ఫీల్డ్ క్రిస్టియన్ సైన్స్ కుటుంబంలో పెరిగాడు. మందులు, ఆసుపత్రి వద్దు, నమ్మకంతోనే నయమవుతుందనే విశ్వాసం వాళ్ళది. అతని చిన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. పదహారేళ్ళప్పుడు తల్లి క్యాన్సర్‌తో పోయింది. ఈ మాటలు చెప్పి 1988 నాటి 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్ చివరి పాట 'డయ్యర్స్ ఈవ్' పెట్టండి. తల్లిదండ్రుల్ని నిలదీసే పాట అది. ఊపిరాడని వేగం, డ్రమ్మర్ లార్స్ అల్‌రిచ్ కాళ్ళు ఆగవు, మాటలు తరుముకొస్తాయి. ఆ తర్వాత వెంటనే 1991 నాటి 'ద గాడ్ దట్ ఫెయిల్డ్'. అదే ఇల్లు, అదే తల్లి, ఆమెను కాపాడని నమ్మకం మీద కోపం. ఇక్కడ వేగం సగానికి దిగింది, కానీ బరువు పెరిగింది. 'జస్టిస్'లో దాదాపు వినబడకుండా పోయిన జేసన్ న్యూస్టెడ్ బాస్ ఈ పాటలో మొదట తానే అడుగు పెడుతుంది. అది అందరూ విన్నారా అని అడగండి.

మూడోది 'లోడ్' నుంచి 'అంటిల్ ఇట్ స్లీప్స్', క్యాన్సర్ గురించి. ఇప్పుడు అరవడం లేదు, పాడుతున్నాడు. నాలుగోది 'మామా సెడ్'. కంట్రీ పాట అది, అవును, అకూస్టిక్ గిటార్, స్టీల్ గిటార్, మెటల్ అనడానికి ఏమీ లేదు. మొదటి పాటలో నిలదీసిన తల్లిని ఇందులో కొడుకు వెతుక్కుంటున్నాడు.

ఈ నాలుగూ కలిపి పాతిక నిమిషాలు దాటవు. మధ్యలో ఎవరినీ మాట్లాడనివ్వకండి, ఫోన్లు పక్కన పెట్టించండి. 'మామా సెడ్' అయ్యాక మీరు కూడా ఏమీ వివరించొద్దు. నా నమ్మకం సూటిగా చెబుతాను: ఎనిమిదేళ్ళలో హెట్‌ఫీల్డ్ చెబుతున్న సంగతి మారలేదు, గొంతు మారింది. ఇరవై అయిదేళ్ళవాడు తల్లి మీద ఎలా మండిపడ్డాడో ముప్ఫై దాటాక కూడా అలాగే మండిపడుతూ ఉండాలని మనం కోరడం అన్యాయం. ఇది విన్నాక కూడా మా గదిలో ఒక తమ్ముడు "అన్నా, కథ బాగుంది, పాట మాత్రం నాకు ఎక్కలేదు" అన్నాడు. అతని మాటని కాగితం మీద అతని ఆల్బమ్ పక్కనే రాశాను. అది కూడా వినికిడే. అతను వేలు పెట్టి చూపించాడు కూడా: పాటలో ఎక్కడా డిస్టార్షన్, అంటే మెటల్ గిటార్ గరగర, పూర్తి బలంతో రాలేదు, దానికోసం చివరిదాకా ఎదురుచూశానన్నాడు.

వ్యతిరేకించేవాళ్ళని ముందు మాట్లాడనివ్వండి, ముందు పాట ఎంచుకునే అవకాశం కూడా వాళ్ళకే. ఇది మర్యాద కోసం కాదు. ఆల్బమ్ నచ్చినవాళ్ళు సాధారణంగా "నాకు బాగుంది" అని ఆగిపోతారు. నచ్చనివాడే ఏ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) ఎక్కడ తేలిపోయిందో, ఏ సోలో వాడి అలవాటుకి ఎదురు తిరిగిందో సెకన్లతో సహా చెబుతాడు. ఆ బ్యాండ్‌ని అతను ఎంత దగ్గరగా విన్నాడో అప్పుడు తెలుస్తుంది.

అయితే మార్పు ప్రతిదీ మంచిదేననే పక్షపాతంలో పడకండి. 2003లో 'సెయింట్ యాంగర్'లో గిటార్ సోలోలు తీసేశారు, స్నేర్ డ్రమ్ కింది తీగలు వదిలేసి రేకు డబ్బా మోగినట్టు మోగనిచ్చారు, గిటార్ ట్యూనింగ్ బాగా కిందికి, డ్రాప్ సి దాకా దించారు. అందరూ స్నేర్‌నే తిడతారు. నాకు ఆ శబ్దం పెద్ద ఇబ్బంది కాదు. అక్కడ కత్తెర వేసేవాళ్ళు లేకపోయారు. ఒకే రిఫ్ ఎనిమిది నిమిషాలు తిరుగుతుంది, ఎక్కడికీ చేరదు. అది మార్పు తప్పు కాదు, కూర్పు తప్పు. సెల్టిక్ ఫ్రాస్ట్ అనే మెటల్ బ్యాండ్ 1988లో తళుకుబెళుకుల గ్లామ్ రాక్ వైపు తిరిగి తీసిన 'కోల్డ్ లేక్' గురించైతే ఆ బ్యాండ్ గాయకుడు టామ్ వారియర్ తానే తర్వాత ఆ ఆల్బమ్ మీద అసహ్యం దాచుకోలేదు. 'లోడ్' విషయానికొస్తే, పద్నాలుగు పాటలు, డెబ్బై తొమ్మిది నిమిషాలు, సీడీలో పట్టడానికి 'ది ఔట్‌లా టార్న్' చివరి ఒక నిమిషం కోసేశారు. ఆ పాట కోసే బదులు నడిమిలో ఉన్న రెండు మూడు పాటలు తీసేసి ఉంటే ఇవాళ ఇంత గొడవే ఉండేది కాదని నా గట్టి అభిప్రాయం. 'బ్లీడింగ్ మీ' మాత్రం గదిలో దీపం తగ్గించి పూర్తిగా వినిపించండి, మాటలతో అడ్డం పడకండి.

రెండో బైఠక్‌కి స్వీడన్ బ్యాండ్ ఓపెత్ తీసుకోండి. ఇక్కడ గొడవ వేగం మీద కాదు, గొంతు మీద. 2001 నాటి 'బ్లాక్‌వాటర్ పార్క్'లో గాయకుడు మైకేల్ ఓకర్‌ఫెల్ట్ గ్రోల్, అంటే గొంతు లోతునుంచి గర్జించినట్టు పాడటం, విన్నవాళ్ళు 2011లో 'హెరిటేజ్' పెట్టుకుంటే గ్రోల్ ఒక్కచోటా లేదు. పియానోతో మొదలవుతుంది, ఫ్లూట్ ఉంది, డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వాసన. ఆ టూర్‌లో వేదికమీద కూడా గ్రోల్ పాటలు పక్కన పెట్టేసరికి టికెట్ కొన్నవాళ్ళు మండిపడ్డారు. ఇక్కడ దారి తీసే పాటలు వెతకడం తేలిక: 2003 నాటి 'డామ్నేషన్' మొత్తం గ్రోల్ లేకుండానే ఉంది, దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళే ఎనిమిదేళ్ళ తర్వాత 'హెరిటేజ్'ని తోసేశారు. ఎందుకని అడగండి. మా దగ్గర నాకు నచ్చిన జవాబు ఇచ్చింది మా మరదలు: "డామ్నేషన్ అప్పుడు గ్రోల్ మళ్ళీ వస్తుందని తెలుసు బావా, హెరిటేజ్ అప్పుడు తెలీదు." వరసగా నాలుగు ఆల్బమ్‌లు గ్రోల్ లేకుండానే గడిచాయి. 2024 నవంబర్‌లో 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'తో అది తిరిగి వచ్చింది, అదే ఆల్బమ్‌లో జెథ్రో టల్ బ్యాండ్ ఇయాన్ ఆండర్సన్ ఫ్లూట్ కూడా ఉంది.

ఓపెత్ బైఠక్‌కి వరస ఇలా పెట్టండి: ముందు 'బ్లాక్‌వాటర్ పార్క్' నుంచి 'ద డ్రేపరీ ఫాల్స్', తర్వాత 'డామ్నేషన్' నుంచి 'విండోపేన్', అక్కడ టీ. టీ తర్వాత 'హెరిటేజ్' మొత్తం, ఆపకుండా. 2024 ఆల్బమ్ ఆరోజు వద్దు, వచ్చే నెలకి ఉంచండి. గ్రోల్ తిరిగి వచ్చిందన్న సంతోషంలో వింటే 'హెరిటేజ్' సొంత బలంతో నిలబడే అవకాశం దానికి ఉండదు.