నక్షత్రం గుర్తున్న లాటిన్ మాటలను చదివే పద్ధతి

లాటిన్ నుంచి పుట్టిన ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ వంటి రొమాన్స్ భాషలు నేర్చుకునేవారికి వ్యుత్పత్తి నిఘంటువులో ఏదైనా లాటిన్ రూపానికి ముందు నక్షత్రం గుర్తు కనిపిస్తే, ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదనీ, వారసభాషలను పోల్చి చూసి పండితులు దాన్ని పునర్నిర్మించారనీ అర్థం. ఉదాహరణకు, ‘చేయగలుగు’ అనే అర్థంలో సాహిత్య లాటిన్‌లో ఉన్న క్రియ ‘పొస్సె’. ఇటాలియన్ ‘పొతేరె’, స్పానిష్ ‘పొదేర్’, ఫ్రెంచి ‘పువ్వార్’ దాని నుంచి నేరుగా పుట్టే వీలు లేదు కనుక, జనం నోట ‘*పొతేరె’ అనే రూపమే ఉండేదని నిర్ణయించారు.

ఈ మూడింటినీ పక్కపక్కన రాసుకుని, అచ్చుల మధ్యనున్న తకారాన్ని మాత్రమే గమనించండి. ఇటాలియన్‌లో అది నిలిచింది, స్పానిష్‌లో దకారమైంది, ఫ్రెంచిలో పూర్తిగా జారిపోయింది; అక్కడి వకారం తరువాతి కాలంలో ఆ ఖాళీలో చేరినదే. చక్రానికి ‘రువోతా, రువేదా, రూ’ అనీ, పట్టుకు ‘సేతా, సేదా, స్వా’ అనీ అంటారు. అదే వరుస ఎంత చక్కగా కుదిరిందో చూడండి! ఇలా ఒక్కొక్క ధ్వనిమార్పుకు ఒక పుట కేటాయించి మాటలు చేర్చుకుంటూ పోతే, విడివిడిగా వల్లె వేయడం కన్నా అవి బాగా గుర్తుంటాయి.

అయితే స్పానిష్ ‘రొతాసియోన్’ (భ్రమణం) మాటలో తకారం మారకుండా ఉండడం చూసి నియమాన్ని అనుమానించకండి. అది చదువరులు తరువాత లాటిన్ గ్రంథాల నుంచి తెచ్చుకున్న మాట కనుక, అలాంటివాటిని వేరే పుటలో రాసుకోండి.