పాలిష్ యూనిట్‌లో పని నేర్పడం ఎలా

ఆదివారం అందరినీ కూర్చోబెట్టి ప్రొజెక్టరు మీద చూపించిన శిక్షణ సోమవారానికి గుర్తుండదు. తాడిపత్రి గ్రానైట్ యూనిట్లలో పనికొచ్చే పద్ధతి వేరు: మిషన్ దగ్గరే, షిఫ్టు మొదట్లో, ముగ్గురు నలుగురికి మించకుండా, 20 నిమిషాలు.

ఏం నేర్పాలో ముందు తేల్చుకోండి. రెండు వారాలపాటు, పక్కన పెట్టిన ప్రతి బండ మీదా కారణం సుద్దతో రాయించండి: గీత, మెరుపు చాలకపోవడం, అంచు పెచ్చు లేవడం, మందంలో తేడా. ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఒక్కదాన్నే పట్టుకోండి. నీళ్ళ పైపు పూడిపోయి బండ వేడెక్కుతుంటే మాత్రం మనిషికి ఎంత నేర్పినా దండగే. ముందు పైపు బాగుచేయించండి.

గీతలే ఎక్కువనుకుందాం. బండను అరగదీసే పాలిష్ రాళ్ళు 60, 120, 220, 400 అంటూ గరుకు తగ్గే వరుసలో మార్చాలి. తొందరపడి 120 నుంచి 400కు దూకితే, 120 వేసిన గీతను 400 తీయలేదు. మధ్యలో బండ కడగకపోతే మిగిలిన ముతక రవ్వ కొత్త గీతలు గీస్తుంది. తడి మీద ఇవి సరిగా కనబడవు. అందుకే నంబరు మార్చినప్పుడల్లా ఒక మూల తుడిచి, ట్యూబులైటు వెలుగులో పక్కవాటుగా చూడడం అలవాటు చేయించాలి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీలు వాడిన 4 మెట్లు దీనికి సరిపోతాయి: నేర్చుకునేవాడికి ఎంతవరకు వచ్చో కనుక్కోవడం, కారణం చెబుతూ చేసి చూపడం, అతని చేత చేయిస్తూ కారణం అతని నోటే చెప్పించడం, వదిలేసి మధ్యమధ్యలో వచ్చి చూడడం. చాలామంది ఎగరగొట్టేది మూడోదాన్నే. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అనక ఇంకేమంటాడు? రాయి మార్చేముందు మెయిన్ స్విచ్ ఆపడం కూడా ఈ మెట్టులోనే చేయించండి. మళ్ళీ 3వ రోజు, 7వ రోజు, నెలకు ఒకసారి చూడండి.

నేర్పేవాడి సంగతి చాలాచోట్ల మర్చిపోతారు. అడుగుల లెక్కన కూలి తీసుకునే మేస్త్రి 20 నిమిషాలు నేర్పితే అతని జేబుకే చిల్లు. ఆ సమయానికి అతని సగటు కూలి కట్టివ్వండి, లేకుంటే మొక్కుబడిగా చూపించి పోతాడు.

నేర్చుకున్నవాడు పక్క యూనిట్‌కు పోతాడన్న భయం యజమానులకు ఉంటుంది. దానికి విరుగుడు, నేర్చిన పనికి తగ్గ కూలి. గోడ మీద పేర్లు, పనులు రాసి ప్రతిదానికీ ఒక సున్నా గీయండి. చూశాడు, సాయంతో చేశాడు, ఒంటరిగా చేశాడు, ఇంకొకరికి నేర్పగలడు: ఒక్కో మెట్టుకు పావు భాగం నింపండి. మూడో పావు నిండిన నెల నుంచే కూలి పెంచండి.