ఆఫీసు ఇంగ్లిష్‌లో ‘మెయిల్‌రూమ్’ అనే మాటను ఎలా వాడాలి?

విశాఖలో ‘మెయిల్’ అంటే పెద్దవాళ్లకు హౌరా మెయిల్, కుర్రాళ్లకు జీమెయిల్. కాగితం ఉత్తరం ఎవరికీ గుర్తు రాదు. అందుకే రుషికొండలో ఐటీ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ‘కలెక్ట్ ఇట్ ఫ్రమ్ ద మెయిల్‌రూమ్’ అని మెసేజ్ వస్తే, అదేదో సర్వర్ల గది అనుకునే ప్రమాదం ఉంది.

1. ముందు అర్థం పట్టుకోండి

పాత ఫ్రెంచిలో ఈ ‘మెయిల్’ అంటే సంచి. ఉత్తరాల సంచికి వాడిన మాట క్రమంగా అందులోని ఉత్తరాలకు అంటుకుంది, ఆ సంచులు మోసిన రైలుకూ అంటుకుంది. మెయిల్‌రూమ్ అంటే ఒక సంస్థ తన ఉత్తరాల కోసం పెట్టుకున్న గది. వచ్చిన కవర్లు, పార్సిళ్లు అక్కడ దిగి సెక్షన్లవారీగా విడిపోతాయి. వెళ్లాల్సినవి అక్కడే తూకం వేసి, అడ్రస్ సరిచూసి, కొరియర్‌కో పోస్టుకో కట్టిపెడతారు.

సంస్థ సొంత గది అన్నదే కీలకం. రైల్వే స్టేషన్ దగ్గరి రైల్వే మెయిల్ సర్వీస్, అంటే ఆర్ఎంఎస్‌లో రాత్రంతా ఉత్తరాలు విడదీసినా దాన్ని మెయిల్‌రూమ్ అనరు. అది తపాలా శాఖది కాబట్టి సార్టింగ్ ఆఫీస్ అవుతుంది.

2. మీ ఆఫీసులో దానికి ఏ పేరుందో చూడండి

మన ప్రభుత్వ కార్యాలయాల్లో చాలాచోట్ల ఈ పని గదిగా కాక సీట్లుగా ఉంటుంది. ఇన్‌వార్డ్ సీటులో వచ్చిన కాగితం మీద తేదీ సీలు వేసి, నంబరిచ్చి, రిజిస్టర్‌లో ఎక్కించి, సెక్షన్‌కు పంపి సంతకం తీసుకుంటారు. డిస్పాచ్ సీటు వెళ్లేవాటికి. రెండూ కలిపి తపాల్ సెక్షన్. కలెక్టరేట్‌కు వెళ్లి మెయిల్‌రూమ్ ఎక్కడండీ అంటే బంట్రోతు ఒక్క క్షణం ఆగుతాడు. తపాళ్లు ఎక్కడిస్తారండీ అంటే వేలు చూపిస్తాడు.

ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఒక తప్పు తరచూ జరుగుతుంది. ఇన్‌వార్డ్ నంబరును ‘మెయిల్‌రూమ్ నంబర్’ అని రాసేస్తారు. చదివినవాళ్లకు అది గది తలుపు మీది నంబరులా ఉంటుంది. ఇన్‌వార్డ్ నంబరును అలాగే ఉంచాలి.

3. చదివేదెవరో చూసి మాట ఎంచుకోండి

అమెరికా వాళ్లకైతే మెయిల్‌రూమ్, ఒకే మాటగా. లండన్ వాళ్లకు పోస్ట్ రూమ్, రెండు మాటలుగా. మెయిల్‌రూమ్ అన్నా వాళ్లకు అర్థమవుతుంది. ఇక్కడి ప్రభుత్వ లేఖల్లో ఇన్‌వార్డ్, డిస్పాచ్ చాలు. ‘డిస్పాచ్’ స్పెల్లింగులో రెండో అక్షరం ‘ఐ’ అయినా ‘ఈ’ అయినా తప్పు లేదు, ఒకే లేఖలో రెండూ కలపకండి. ‘తపాల్’ మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లోనే ఇక్కడి ఆఫీసు ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయింది కానీ, పరదేశీ పాఠకుడికి దాంతో పని జరగదు.

4. వాక్యంలో కూర్చండి

ముందు ‘ద’ ఉండాలి: ‘ద పార్సెల్ ఈజ్ ఇన్ ద మెయిల్‌రూమ్’. అక్కడికి తీసుకెళ్లమంటే ‘టు ద మెయిల్‌రూమ్’, అక్కడ ఇచ్చి వెళ్లమంటే ‘డ్రాప్ ఇట్ ఆఫ్ ఎట్ ద మెయిల్‌రూమ్’. దీన్ని క్రియగా మార్చకండి. ‘ఐ మెయిల్‌రూమ్డ్ ఇట్’ అనే వాక్యం లేదు.

అసలు చిక్కు ‘పోస్టెడ్’ దగ్గర. సాయంత్రం ఐదింటికి కవరు మెయిల్‌రూమ్ ట్రేలో పడేసి ‘ఐ పోస్టెడ్ ఇట్ టుడే’ అని రాస్తారు. అది బయటికి వెళ్లేది మర్నాడు. నోటీసు లాంటివి ఎప్పుడు పంపారో చెప్పే రుజువు పోస్టాఫీసు రసీదు మీది తేదీ. ఆ ఒక్క రోజు తేడాతోనే గడువు దాటిపోవచ్చు. పైగా అమెరికాలో ‘పోస్టెడ్’ అంటే బోర్డు మీదో నెట్‌లోనో పెట్టడం అనే అర్థమే ముందు తడుతుంది. కాబట్టి ట్రేలో పెట్టిన రోజున ‘ఐ లెఫ్ట్ ఇట్ విత్ ద మెయిల్‌రూమ్’ అనండి. రసీదు చేతికొచ్చాక ‘ఇట్ వాజ్ సెంట్ బై స్పీడ్ పోస్ట్’ అని రాసి, పక్కన 13 అక్షరాల నంబరు వేయండి. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’. ఒక్కటి తగ్గినా ట్రాకింగ్ తెరుచుకోదు.

పాత నమూనా లేఖల్లోని ‘బై రిజిస్టర్డ్ పోస్ట్’ను కూడా చూసుకోండి. 2025లో ఆ సర్వీసు స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయింది. ఇప్పుడు కావాలంటే స్పీడ్ పోస్ట్‌కు రిజిస్ట్రేషన్ అదనంగా తీసుకోవాలి. లేఖలోనూ అలాగే రాయాలి.

5. అడ్రస్‌లో ఎక్కడ రాయాలి?

మొదటి వరుసలో మాత్రం వద్దు. పైన ‘మెయిల్‌రూమ్’ అని ఉండి మనిషి పేరు లేకపోతే ప్యాకెట్ అక్కడిదాకా వచ్చి అక్కడే అరలో కూర్చుంటుంది. పేరు, దాని కింద విభాగం, ఆ తర్వాత ‘కేరాఫ్ మెయిల్‌రూమ్’, సంస్థ, వీధి, చివర ఊరు, పిన్. పిన్ సరిగ్గా వేయండి: ద్వారకానగర్ 530016, ఎంవీపీ కాలనీ 530017. చివరి అంకె మారితే ఉత్తరం వేరే పోస్టాఫీసుకు వెళ్లి తిరిగొస్తుంది.

6. బయోడేటాలో, మాటల్లో

తపాల్ క్లర్కుగా చేసినవాళ్లు ప్రైవేటు ఉద్యోగానికి ‘మెయిల్‌రూమ్ క్లర్క్’ అని రాసుకోవచ్చు. ‘మెయిల్‌మ్యాన్’ అని రాస్తే అమెరికా వాళ్లు పోస్ట్‌మ్యాన్ అనుకుంటారు. ‘హి స్టార్టెడ్ ఇన్ ద మెయిల్‌రూమ్’ అని ఎవరైనా పెద్ద అధికారి గురించి అంటే కవర్లు పంచాడనే అర్థం కానక్కర్లేదు. కింది మెట్టు నుంచి ఎదిగాడని మెచ్చుకోవడం. దాన్ని ‘ఉత్తరాల గదిలో మొదలయ్యాడు’ అని తెలుగు చేస్తే నవ్వొస్తుంది. ‘చిన్న కొలువుతో మొదలుపెట్టి పైకొచ్చాడు’ అనండి.