రాక్ బ్యాండ్‌కి ఫొటోలు: స్టూడియోని ఆటోలో వేసుకెళ్దాం

బ్యాండ్ వాళ్లు స్టూడియోకి రారు. వస్తామనే అంటారు, కానీ ఆ రోజుకి డ్రమ్మర్‌కి ఆఫీస్ కాల్ పడుతుంది, సింగర్ మాదాపూర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాడు, చివరికి నలుగురిలో ఇద్దరు తేలతారు. అందరూ కచ్చితంగా ఒకచోట దొరికేది జామ్ రూమ్‌లోనే (వాళ్లు ప్రాక్టీస్ చేసుకునే అద్దె గది), అక్కడ గంటకింత అని డబ్బు కట్టి ఉంటారు మరి. అందుకే నేను లైట్లనే అక్కడికి మోసుకెళ్తాను. మొత్తం సామాను ఒక్క ఆటోలో పట్టాలి, అంతకు మించి ఉంటే ఇంట్లో వదిలేయడమే.

నా సంచిలో ఉండేవి: రెండు బ్యాటరీ ఫ్లాష్‌లు (గోడాక్స్ ఏడీ200, ఒక్కోటి 200 వాట్-సెకన్లు), కెమెరా మీద పెట్టి ఫ్లాష్‌లని వెలిగించే ట్రిగ్గర్, స్టాండ్లు, 5 అడుగుల అంబ్రెల్లా ఒకటి, చిన్న గ్రిడ్ ఒకటి (వెలుగు పక్కలకి పరుచుకోకుండా ఆపే జాలీ), క్లాంపులు, గాఫర్ టేపు (గట్టి గుడ్డ టేపు). కరెంటుతో నడిచే లైట్లు వద్దు. జామ్ రూమ్‌లో ఉన్న ఒక్క ప్లగ్ బోర్డుకీ ఆంప్‌లు (గిటార్ సౌండ్ పెంచే పెట్టెలు), పెడల్స్, ఎవరిదో ఫోన్ ఛార్జర్ ఎప్పుడో తగిలించేసి ఉంటాయి. అంబ్రెల్లా కూడా వెనక నల్లగుడ్డ ఉన్నదే తీసుకోండి. లైటు ఆరపార పోయే తెల్లది చిన్న గదిలో గోడలన్నిటికీ వెలుగు పూసేస్తుంది, అప్పుడు నీడ అనేదే మిగలదు.

బ్యాక్‌డ్రాప్ (వెనక కట్టే తెర) సంగతికొస్తే, పేపర్ రోల్ మామూలుగా 2.72 మీటర్ల వెడల్పు ఉంటుంది, ఆటోలో పట్టదు. బట్టల కొట్టులో మెరుపులేని బూడిద రంగు బట్ట తీసుకుని రెండు పన్నాలు కలిపి కుట్టించుకోండి, మడతపెట్టకుండా పైపుకి చుట్టి ఉంచండి. నలుపు ఎందుకు వద్దంటే నలుగురూ నల్ల టీషర్టుల్లోనే దిగుతారు, అందులో ఇద్దరికి భుజాల దాకా జుట్టు. నల్లబట్ట ముందు నిలబెడితే నాలుగు మొహాలు గాల్లో తేలతాయి. బూడిద రంగుతో ఆ గొడవ లేదు, పైగా మనుషుల్ని బట్టకి దూరంగా జరిపి లైటు దానిమీద పడకుండా చూస్తే అదే ముదురు రంగులోకి దిగుతుంది, దానిమీద విడిగా ఒక ఫ్లాష్ వేస్తే లేత రంగవుతుంది.

బ్యాండ్ కంటే అరగంట ముందు వెళ్లండి. ఇది మాత్రం ఖాయంగా పాటించండి, వాళ్లు గిటార్లు తగిలించుకున్నాక మీ కోసం నిలబడే ఓపిక పావుగంట, మహా అయితే 20 నిమిషాలు. ఆ టైమ్‌లో మీరు స్టాండ్ బిగిస్తూ కూర్చుంటే ఒకడు సిగరెట్‌కి, ఇంకొకడు చాయ్‌కి, ఇక అంతే. స్టాండ్ పైకెత్తే ముందు ఓసారి తలెత్తి చూడండి. ఒక సెల్లార్ రూమ్‌లో నేను చూడకుండా అంబ్రెల్లా ఎత్తాను, పైన ఫ్యాన్ తిరుగుతోంది, రెక్క తగిలి రెండు ఊచలు విరిగి గుడ్డ చిరిగి ఎగిరి స్నేర్ డ్రమ్ మీద పడింది. డ్రమ్మర్ ఏమీ అనలేదు కానీ ఫొటోలన్నిటిలో మొహం అలాగే ఉంది. స్టాండ్ కాళ్ల మీద 5 లీటర్ల నీళ్ల క్యాన్ పెట్టండి, ఇసుక సంచి మోసే పని తప్పుతుంది.

ఇప్పుడు కెమెరా. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100, షటర్ 1/200 సెకను, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8. ఫ్లాష్ ఆపేసి ఒక ఫ్రేమ్ కొట్టండి, స్క్రీన్ పూర్తిగా నల్లగా రావాలి. నల్లగా వచ్చిందంటే గదిలో ట్యూబ్‌లైట్ మీ ఫొటోలోకి రావడం లేదన్నట్టే, మొహాలకి దాని ఆకుపచ్చ ఛాయ అంటదు. షటర్ ఇంకా పెంచకండి, చాలా కెమెరాలకి ఫ్లాష్‌తో 1/200 లేదా 1/250 దాటితే ఫ్రేమ్‌లో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది. తర్వాత ఫ్లాష్ ఆన్ చేసి, రూమ్ చూసుకునే కుర్రాడిని మైక్ దగ్గర నిలబెట్టి పవర్ సరిచూసుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 35 ఎంఎం లెన్స్ వేసి ఎఫ్/8లో 3 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే దాదాపు 2 నుంచి 7 మీటర్ల దాకా షార్ప్‌గానే ఉంటుంది. ముందున్న సింగర్ నుంచి వెనక డ్రమ్స్ దాకా అందులో వచ్చేస్తాయి.

లైటు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. మొహానికి దగ్గరగా పెడితే మెత్తగా ఉంటుందని ఎక్కడో వినుంటారు, ఒక్క మనిషికైతే అది నిజమే. కానీ లైటుకి మీటరు దూరంలో బేసిస్ట్, 2 మీటర్ల దూరంలో లీడ్ గిటారిస్ట్ ఉంటే రెండోవాడికి అందేది నాలుగో వంతు వెలుగే, అంటే రెండు స్టాప్‌లు తక్కువ (వెలుగు సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు). అదే లైటుని వెనక్కి జరిపి ఒకరికి 3 మీటర్లు, ఇంకొకరికి 4 మీటర్లు అయ్యేలా పెడితే తేడా ఒక స్టాప్ లోపే. ఆపైన అంబ్రెల్లాని దూరంగా ఉన్నవాడి వైపు తిప్పండి, దగ్గరివాడికి అంచు వెలుగు చాలు. రెండో ఫ్లాష్‌కి గ్రిడ్ పెట్టి వెనక మూల నుంచి జుట్టు మీద కొట్టించండి, పవర్ తక్కువగానే.

ఆ రెండోది లేకపోయినా కొంపలేం మునగవు. 1963లో బీటిల్స్ రెండో ఆల్బమ్ కవర్‌ని రాబర్ట్ ఫ్రీమన్ ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్‌లోని ఒక హోటల్లో తీశాడు, పక్క నుంచి వచ్చే కిటికీ వెలుగు తప్ప ఫ్లాష్ లేదు. నల్ల పోలో నెక్‌లు, వెనక ముదురు తెర, సగం మొహం చీకట్లో. నేను పైన వద్దన్న తేలే మొహాలే అవి, కాకపోతే అక్కడ కావాలని చేసింది.

గిటార్ల వార్నిష్, సింబల్స్, కళ్లజోళ్లు అద్దంలా లైటుని తిప్పికొడతాయి. గిటార్ మీద తెల్ల మచ్చ పడితే లైటు ముట్టుకోకండి, గిటార్ పైఅంచుని కాస్త ముందుకి వంచమనండి, మచ్చ కిందికి జారిపోతుంది. కళ్లజోడుకైతే స్టాండ్ ఇంకొంచెం ఎత్తండి (ఫ్యాన్ గుర్తుందిగా).

నిలబెట్టడం గురించి పెద్దగా చెప్పను. పెళ్లి గ్రూప్ ఫొటోలా వరసగా మాత్రం వద్దు, 'స్మైల్' అని అసలు అనొద్దు. తలలన్నీ ఒకే ఎత్తులో లేకుండా ఒకరిని ఆంప్ మీద కూర్చోబెట్టండి, ఆంప్ ఎవరిదో అడిగాకే. సింగర్ ఎలాగూ మధ్యలోకి వచ్చేస్తాడు, ఒకటి రెండు ఫ్రేములకి డ్రమ్మర్‌ని ముందుకి పిలవండి, వెనక కూర్చుని కూర్చుని విసిగిపోయి ఉంటాడు. ఆ తర్వాత పోజులు ఆపించి ఒక పాట నిజంగా వాయించమనండి. ఉత్తుత్తిగా చేతులు ఆడిస్తే మెడ నరాల్లో తెలిసిపోతుంది.

గెంతే ఫొటోలకి ఫ్లాష్ పవర్ నాలుగో వంతుకో ఇంకా కిందికో దించి ఐఎస్ఓ పెంచండి. ఈ రకం ఫ్లాష్‌లు ఫుల్ పవర్‌లో ఎక్కువసేపు వెలుగుతాయి, జుట్టు చివర్లు అలికినట్టు వస్తాయి. పవర్ తగ్గిస్తే వెంటవెంటనే రీఛార్జ్ కూడా అవుతుంది. అలికినట్టే కావాలంటే షటర్ 1/8కి దించి రూమ్‌లో రంగు ఎల్ఈడీలు వేయండి, ఫ్లాష్ మొహాన్ని నిలబెడుతుంది, రంగులు చారలుగా సాగుతాయి. పది తీస్తే ఒకటి పనికొస్తుంది.

బ్యాండ్‌లో ఐదుగురుండి వెనక బట్ట వెడల్పు చాలకపోతే కెమెరాని ట్రైపాడ్‌కి బిగించి, లైటు కదపకుండా ఇద్దరేసి, ముగ్గురేసి తీసి తర్వాత కలుపుకోండి. పోస్టర్‌కి వాడతారంటే తలల పైన పేరు పట్టేంత ఖాళీ వదలండి.

సర్దేటప్పుడు ముందు కార్పెట్ మీది టేపు పీకండి, ఆలస్యమైతే జిగురు అక్కడే ఉండిపోతుంది. ఆ తర్వాత క్లాంపులు లెక్కపెట్టండి. లైట్లు చివర్న సర్దుకోవచ్చు, ఈలోపు తర్వాతి స్లాట్ బ్యాండ్ తలుపు తీసి 'అన్నా, మాకూ ఒకటి కొట్టవా' అనే అవకాశం ఉంది.