పాత ఎలక్ట్రిక్ ఆర్గాన్‌ను మళ్లీ పలికించడం

తిరుపతి, చిత్తూరు వైపు పాత ఆర్గాన్ షాపుల్లో దొరకదు. కొత్త కీబోర్డు వచ్చాక చర్చిలో దుప్పటి కప్పి మూలన పెట్టినవి, మిషన్ స్కూళ్ల ప్రార్థన హాళ్లలో మిగిలిపోయినవి ఉంటాయి. వేలూరు, చెన్నై, బెంగళూరుల్లో ఇల్లు మారేవాళ్లు అమ్మకానికి పెట్టేవీ ఉంటాయి. పాస్టరుగార్లకు, పాత ఆర్కెస్ట్రాల వాళ్లకు, హార్మోనియం రిపేరు చేసేవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచితే ఎప్పుడో ఒకసారి కబురొస్తుంది. తొందరపడి మొదట కనిపించినదాన్ని కొనకండి. చెక్క బాగుండి లోపల ఏ బోర్డూ తీసేయకుండా ఉన్న మూగ ఆర్గాన్, ఎవరో విప్పి సగం తీగలు కోసిన ‘కాస్త పలికే’ ఆర్గాన్ కన్నా వెయ్యి రెట్లు నయం.

వెనక పలకమీది లేబుల్ చదవడం మొదటి పని. అందులో రెండు అంకెలు ముఖ్యం: వోల్టులు, హెర్ట్జ్ (కరెంటు ఫ్రీక్వెన్సీ). జపాన్‌లో వాడకానికి చేసిన యమహా ఎలక్టోన్ 100 వోల్టులది, అమెరికా సరుకు 117 లేదా 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే ఆ సమస్య తీరుతుంది. లేబుల్ మీద ఎన్ని వాట్లుంటే దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది, రెండు చుట్లు విడివిడిగా ఉండే ఐసొలేషన్ రకం తీసుకోండి.

హెర్ట్జ్ సంగతి అలా తీరదు. 1935లో వచ్చిన అమెరికా ఆర్గాన్ హామండ్, ఆ తర్వాతి బీ-3 లాంటి మోడళ్లలో మోటారు తిప్పే పళ్ల చక్రాలే స్వరాన్ని పుట్టిస్తాయి. ఆ మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 60 హెర్ట్జ్ కోసం చేసిన హామండ్‌ను మన 50 హెర్ట్జ్ మీద తిప్పితే శ్రుతి మొత్తం దాదాపు మూడు మెట్లు (తెల్లవీ నల్లవీ కలిపి) కిందికి జారుతుంది. హార్మోనియం లెక్కలో ఒకటో శ్రుతి (సీ) కావాలంటే మూడు మెట్లు పైనున్న రెండున్నర (డీ షార్ప్) నొక్కాలి. అదీ సరిగ్గా కలవదు, ఇంకో పదహారు సెంట్లు (మెట్టులో నూరో వంతు ఒక సెంటు) తగ్గే ఉంటుంది. పక్కన హార్మోనియం పెట్టి వాయిస్తే చెవి ఒప్పుకోదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. కాబట్టి చక్రాల హామండ్ అయితే 50 హెర్ట్జ్ అని రాసి ఉన్నదే కొనండి. లేదంటే 120 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ కన్వర్టర్ ఖర్చు కూడా ధరలో కలిపి లెక్క వేసుకోండి. ట్రాన్సిస్టర్ ఆర్గాన్లలో స్వరం ఆసిలేటర్లనే సర్క్యూట్లలో పుడుతుంది, అందుకే వాటి శ్రుతికి ఈ బాధ లేదు. మొదటిసారి చేసేవాళ్లకు మా సలహా ట్రాన్సిస్టర్ ఆర్గానే.

చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చి, స్క్రూడ్రైవరు, కాగితం, పెన్సిలు తీసుకెళ్లండి. అడుగు పలకను స్క్రూడ్రైవరు కొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే లోపల చెదలున్నాయి. వెనక మూత తీసి మట్టి చారలు, ఎలుక పెంటికలు, కొరికిన తీగలు ఉన్నాయేమో వెతకండి. ఎలుక ఉచ్చ పడిన బోర్డుమీద రాగి గీతలు పచ్చగా చిలుము పట్టి తెగిపోతాయి. బేరంలో గట్టిగా తగ్గించి అడగాల్సింది దీనికే. మెట్లన్నీ నొక్కి వదిలితే పైకి లేస్తున్నాయా, సర్క్యూట్ డయాగ్రమ్ లోపల అంటించి ఉందా అన్నదీ చూసుకోండి. డయాగ్రమ్ ఉంటే సగం పని అయినట్టే.

మోసేటప్పుడు పెడల్‌బోర్డు (కాళ్లతో వాయించే మెట్లు), బెంచీ విడిగా తీయండి. బీ-3 అవి కూడా కలిపితే దాదాపు 190 కిలోలు, నలుగురు మనుషులు కావాలి. చక్రాల జనరేటరు స్ప్రింగుల మీద వేలాడే మోడళ్లలో దాన్ని బిగించే బోల్టులుంటాయి. చెన్నై నుంచి నగరి, పుత్తూరు మీదుగా తెచ్చే ముందు అవి బిగించండి, ఇంటికొచ్చాక మళ్లీ వదులు చేయడం మరవకండి. బండిలో నిలువుగానే ఉంచాలి, వెల్లకిలా పడుకోబెట్టకూడదు.

ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది. వద్దు. ఏళ్ల తరబడి కరెంటు లేని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు లోపల పాడై షార్ట్ అయి ఉండొచ్చు. ఒక్కసారిగా పూర్తి వోల్టేజీ ఇస్తే అవి పేలి ట్రాన్స్‌ఫార్మర్‌నూ పట్టుకుపోతాయి. ముందు బ్రష్షుతో, తక్కువ గాలితో దుమ్ము తీయండి. ఎండిపోయిన ప్లగ్గు వైరును కొత్త మూడు తీగల వైరుతో మార్చి, ఛాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి) ఎర్త్ ఇవ్వండి. పాత అమెరికా వాల్వు (గాజు గొట్టాల) ఆర్గాన్లలో మెయిన్స్ తీగ నుంచి ఛాసిస్‌కు ఒక చిన్న కెపాసిటర్ ఉండొచ్చు. అది షార్ట్ అయితే ఛాసిస్సే షాక్ కొడుతుంది. ఎర్త్ ఇచ్చే ముందే దాన్ని తీసేయండి, లేదా వై-రకం సేఫ్టీ కెపాసిటర్ పెట్టండి. వాల్వు ఆర్గాన్ లోపల 300 వోల్టులు, అంతకు మించి కూడా ఉంటాయి. స్విచ్చి ఆపాక కూడా ఆ చార్జి కెపాసిటర్లలో నిలుస్తుంది. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న తీగలు పెట్టి దాన్ని ఖాళీ చేశాకే, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

తర్వాత సిరీస్ ల్యాంపు. ఎలక్ట్రీషియన్లు వాడే బోర్డే: ఫేజు తీగలో వరుసగా 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్చి వేయగానే బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, వెంటనే ఆపండి. బల్బు మందగించిందని తేలాకే నేరుగా మెయిన్స్‌కు పెట్టి పవర్ సప్లై వోల్టేజీలు డయాగ్రమ్‌తో పోల్చండి. ఒక్క హెచ్చరిక: మోటారు ఉన్న హామండ్ సిరీస్ ల్యాంపు మీద తిరగకపోవచ్చు, దాన్ని లోపంగా లెక్కపెట్టకండి.

స్పీకర్లో గట్టి గుర్రు వస్తుంటే అది ఎంత ఫ్రీక్వెన్సీదో వినండి. 100 హెర్ట్జ్ బుర్రుమనే శబ్దమైతే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి. 50 హెర్ట్జ్ లోతైన హమ్ అయితే ఎర్త్, షీల్డు తీగల దగ్గర వెతకాలి. కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. చెన్నై రిచీ స్ట్రీటులో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఇవి దొరుకుతాయి. అన్నీ ఒకేరోజు మార్చే పని పెట్టుకోవద్దు. పవర్ సప్లైవి ముందు, నాలుగు మార్చి ఒకసారి వినడం, మళ్లీ నాలుగు. ముప్పై మార్చాక కొత్త లోపం వస్తే ఎక్కడ తప్పు చేశామో దొరకదు. పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్ కాలికి టంకం పెట్టేటప్పుడు కాలిని మొసలి క్లిప్పుతో పట్టుకోండి, వేడి క్లిప్పులోకి పోతుంది.

ఇప్పుడు అసలు పని, లోపం ఎక్కడుందో పట్టుకోవడం. ఒక్క ఫ్లూట్ స్టాపు (ధ్వని రకాన్ని ఎంచుకునే స్విచ్చి) మాత్రం తెరిచి, కింది మెట్టు నుంచి పైదాకా ఒక్కొక్కటే నొక్కి, పలకనివి కాగితం మీద రాసుకోండి. చాలా ట్రాన్సిస్టర్ ఆర్గాన్లలో పన్నెండు స్వరాలకు పన్నెండు ఆసిలేటర్లు, కింది స్థాయిలకు (ఆక్టేవ్‌లకు) ఫ్రీక్వెన్సీని సగం చేసే డివైడర్లు ఉంటాయి. కాబట్టి ఆ కాగితమే లోపాన్ని చూపిస్తుంది. ఒకే స్వరం అన్ని స్థాయిల్లోనూ మూగైతే ఆసిలేటర్ పోయింది. ఒక స్థాయి నుంచి కిందికి మాత్రమే మూగైతే ఆ స్థాయి డివైడర్. ఒక్క మెట్టు మాత్రమే, రెండో మాన్యువల్‌లో (మెట్ల వరుసలో) అదే స్వరం బాగానే పలుకుతుంటే, మెట్టు కింది కాంటాక్టు మురికి పట్టింది. అన్ని మెట్లూ ఒక్క స్టాపులోనే పోతే ఆ స్టాపు స్విచ్చి చూడండి. పాత ఆర్గాన్లలో ఎక్కువ బాధలు కాంటాక్టు దగ్గరే తేలతాయి.

కాంటాక్టు తీగల మీద విలువైన లోహపు పూత సన్నగా ఉంటుంది. ఉప్పుకాగితం పెట్టారంటే పూత పోయి, నెల తిరక్కుండా మళ్లీ మూగబోతుంది. మెత్తటి కాటన్ బడ్డు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఓపిక. ఆల్కహాల్ పెట్టాక ఆ మెట్టును ఇరవై ముప్పై సార్లు ఆడించండి, ఆరాక విని చూడండి. కిరోసిన్, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రేలు లోపల పెట్టొద్దు, దుమ్మును పట్టుకుని జిగురవుతాయి. 1960ల హామండ్లలో మెట్ల దగ్గర వాడిన స్పాంజి కాలం గడిచేకొద్దీ జిగురై తీగలను తినేస్తుంది. అది కనిపిస్తే గీకి పూర్తిగా తీయాలి. మెట్లు టకటకమంటే అడుగు ఫెల్టు అరిగింది. హార్మోనియం రిపేరువాళ్ల దగ్గర ఫెల్టు దొరుకుతుంది, పాతదాని మందమే కోసుకోండి.

స్పీకరు మొత్తం నిశ్శబ్దమైతే ఆంప్లిఫయర్ విప్పే ముందు కాలి కింద శబ్దం పెంచి తగ్గించే ఎక్స్‌ప్రెషన్ పెడల్ చూడండి. కొన్ని మోడళ్లలో శబ్దాన్ని అందులోని చిన్న బల్బు, వెలుతురు సెన్సరు కలిసి పెంచుతాయి, బల్బు మాడితే ఆర్గాన్ నోరు మూస్తుంది.

హామండ్ మోటారు, జనరేటరు నూనె దారాల ద్వారా తాగుతాయి. ఏడాదికోసారి దానికోసం తయారైన జనరేటర్ ఆయిలే పోయాలి. బిగుసుకుపోయి తిరగకపోతే బలం పెట్టొద్దు. నూనె పోసి కొన్ని రోజులు ఆగండి, దారాలు నెమ్మదిగా తీసుకుంటాయి.

శ్రుతి చేసేది చివర్న, అరగంట వేడెక్కాక. మొదట ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్, దాని నుంచి సీ 261.63, డీ 293.66, ఈ 329.63, ఎఫ్ 349.23, జీ 392.00, బీ 493.88. ఫోనులోని ట్యూనర్ చాలు. కాయిల్ లోపలి ఫెర్రైటు ముక్కను ఇనుప స్క్రూడ్రైవరుతో తిప్పితే పగులుతుంది, తిప్పుతున్నంతసేపూ ఇనుము వల్ల శ్రుతి కూడా తప్పుగా చూపిస్తుంది. ప్లాస్టిక్ కొన వాడండి, కాలు వంతు తిప్పి వినండి.

వార్నిషుకు, ఊడిన వినీరుకు (పైన అంటించిన పలుచటి చెక్క పొరకు) మన వడ్రంగి ఆచారి చాలు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం తడిలో వార్నిషు వేయించొద్దు, తెల్లగా మసకేస్తుంది. ఆ నెలల్లో గోడకు జానెడు దూరం జరిపి ఉంచి, వారానికి రెండుసార్లు అరగంట వాయించండి. లోపలి వేడికి తేమ పోతుంది, కాంటాక్టులు కదలికలో ఉంటాయి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయండి.