మతిమరుపుతో కాపురం చేయడం ఎలా?

నాకు 68. మొన్న కళ్ళజోడు కోసం ఇల్లంతా గాలిస్తుంటే, మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "నెత్తిమీద చూసుకో" అన్నారు. అందుకే కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను.

వంటింట్లోకి వెళ్ళాక ఎందుకొచ్చానో గుర్తు రాకపోతే అక్కడే నిలబడి బుర్ర గోక్కోవద్దు. బయల్దేరిన చోటికే తిరిగి వెళ్ళండి. నా కుర్చీ దగ్గర సగం తుంచిన చిక్కుడుకాయలు కనబడతాయి. ఓహో, గిన్నె కోసం! దారిలో మాత్రం ఫోన్ ఎత్తకండి. ఎత్తారా, చిక్కుడుకాయ కూర రేపే.

పాలు పొయ్యి మీద పెడితే గరిటె చేత్తో పట్టుకునే హాల్లోకి రండి. సీరియల్ ఎంత రంజుగా ఉన్నా, ఈ గరిటె ఎందుకబ్బా అని అనుమానం వస్తుంది. ఒకసారి గరిటెతోనే గుడికి బయల్దేరాను. గేటు దగ్గర పక్కింటావిడ "ఎవరికి వడ్డిస్తారండీ?" అనేసరికి వెనక్కి పరుగు. పాలు అంచుదాకా వచ్చాయి గానీ పొంగలేదు.

బీపీ మాత్రలకు ఏడు గళ్ళ డబ్బా కొనుక్కోండి. ఈరోజు గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, రెండోసారి మింగొద్దు. ఈరోజు ఏ వారమో ముందు పేపర్లో చూసుకోండి.

తాళం వేస్తూ "తాళం వేశాను" అని పైకే అనండి, గుర్తుంటుంది. నేనంటే పక్కింటావిడ లోపల్నుంచి "విన్నానండీ" అంటుంది.